వంద పడకల కంటే ముందు అడగాల్సినవి

ప్రశ్న: నమస్కారం సార్. మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక మారుమూల ఊరు. ఈ మధ్యే పంచాయతీ వార్డు సభ్యురాలినయ్యాను. మా దగ్గరి నాయకులు "మీ మండలానికి వైద్యం పరంగా ఏం కావాలో ఒక కాగితం రాసివ్వండి, పైదాకా తీసుకుపోతాం" అన్నారు. ఊళ్లో యువకులంతా వంద పడకల ఆసుపత్రి అడగాలని పట్టుబడుతున్నారు. ఆశ వర్కరేమో బీపీ, షుగర్ గోలీలు నెలంతా సరిపోవడం లేదు, ముందు వాటి సంగతి చూడండి అంటోంది. సబ్‌సెంటర్ (ఉప ఆరోగ్య కేంద్రం) బిల్డింగ్ ఉంది గానీ ఏఎన్ఎం (నర్సు) మేడం రెండు సబ్‌సెంటర్లు చూసుకుంటోంది. నల్లా నీళ్లు ఆగిన రోజు మళ్లీ పాత బోరే గతి. మా అత్తమ్మ ఫ్లోరైడ్‌తో నడుం వంగిపోయిన మనిషి. ఆ బోరు దగ్గర బిందెలు చూస్తేనే నాకు టెన్షన్. బడ్జెట్‌లో వేల కోట్లు పెట్టామంటారు కదా, మరి గోలీలకే పైసలు లేవా? అన్నీ అడిగితే ఏదీ రాదని మావాళ్లంటున్నారు. ఏది ముందు అడగాలో చెప్పండి.
ఒక సోదరి, నల్గొండ జిల్లా

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఆశ వర్కర్ చెప్పిందే నా మాట కూడా. ముందు గోలీలు, ఆ తర్వాత ఏఎన్ఎం, దాని వెంటే నీళ్ల పరీక్ష. వంద పడకల మాట ఆ కాగితంలో రాయొద్దనే అంటాను. రేపు ఊళ్లో యువకులకు మీరే జవాబు చెప్పుకోవాలి కాబట్టి, ఎందుకు వద్దంటున్నానో కాస్త విడమరచి చెప్తాను.

ముందు పైసల సంగతి. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం రూ.3,04,965 కోట్లు. అందులో వైద్య ఆరోగ్య శాఖకు చూపించింది రూ.12,393 కోట్లు. అంటే వందకు నాలుగు రూపాయలు. అంతకు రెండేళ్ల ముందు, 2023-24లో, రూ.2,90,396 కోట్ల బడ్జెట్‌లో ఈ శాఖకు దక్కింది రూ.12,161 కోట్లు. అప్పుడూ నాలుగు రూపాయల చిల్లరే. మధ్యలో ప్రభుత్వం మారింది గానీ ఆ వాటా మారలేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఏం చెప్పిందంటే, 2020 నాటికి ప్రతి రాష్ట్రం తన బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి పెట్టాలని. 15వ ఆర్థిక సంఘం గడువును 2022కు జరిపి అదే మాట చెప్పింది. మనం ఇంకా సగం దారిలోనే ఉన్నాం.

ఆ రూ.12,393 కోట్లను 2011 జనాభా లెక్కల్లోని మూడున్నర కోట్ల మందికి పంచి చూడండి. తలకు ఏడాదికి మూడున్నర వేలు, రోజుకు పది రూపాయల లోపు. ఇప్పటి జనాభాతో చూస్తే ఇంకా తక్కువే వస్తుంది. అందులోనే ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రులు నడవాలి, మెడికల్ కాలేజీలు నడవాలి, ఆరోగ్యశ్రీ బిల్లులు కట్టాలి, జీతాలివ్వాలి. మీ ఊరి గోలీలు కూడా అందులోంచే రావాలి. కాబట్టి "వేల కోట్లు పెట్టాం" అన్నది అబద్ధం కాదు. ఆ వేల కోట్లలో మీ సబ్‌సెంటర్ దాకా ఎంత దిగి వస్తోందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతికే దారి కూడా ఉంది. బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ ఊళ్లో డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఈ పని అప్పగించండి. వైద్యానికి, ప్రజారోగ్యానికి పద్దు సంఖ్య 2210. కుటుంబ సంక్షేమానికి 2211. భవనాలు, పెద్ద పరికరాల లాంటి పెట్టుబడి ఖర్చు 4210లో ఉంటుంది. 2210 లోపల మళ్లీ చిన్న పద్దులుంటాయి: 01 పట్టణ ఆసుపత్రులు, 03 గ్రామీణ వైద్యం, 05 వైద్య విద్య, 06 ప్రజారోగ్యం. ఒక్కో పద్దు ఎదురుగా మూడు రకాల అంకెలు కనిపిస్తాయి. వచ్చే ఏడాది అంచనా ఒకటి, ఈ ఏడాది సవరించిన అంచనా ఇంకొకటి, రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది మూడోది. అసెంబ్లీలో చదివేది మొదటి అంకె. మీరు చూడాల్సింది మూడోది. అంచనాకూ అసలు ఖర్చుకూ మధ్య తేడా ఏ పద్దులో ఎక్కువుందో పిల్లలు గుర్తిస్తే, వంద పడకలెందుకు వద్దన్నానో వాళ్లకే సగం అర్థమవుతుంది.

మిగతా సగం ఇది. భవనానికి ఒకసారి డబ్బు దొరికితే చాలు. అప్పు తెచ్చి కట్టొచ్చు, కేంద్ర గ్రాంటుతో కట్టొచ్చు. 2021 నుంచి 2026 దాకా స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యం కోసం 15వ ఆర్థిక సంఘం దేశమంతటికీ రూ.70,051 కోట్లు సిఫార్సు చేసింది. అందులో సొంత భవనం లేని సబ్‌సెంటర్లకు కట్టడాలు కూడా ఒక భాగం. కానీ కట్టిన ఆసుపత్రిని నడపాలంటే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్ట్, కరెంటు బిల్లు, మందులు, ఊడ్చి తుడిచే మనిషి, ఇవన్నీ ఏటా ఖర్చే. ఒక్క పోస్టు మంజూరు చేయాలన్నా ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఆ జీతం ముప్పై ఏళ్ల బాధ్యత. అందుకే శంకుస్థాపన జరిగినంత తేలిగ్గా పోస్టులు రావు. మన వైపు తాళం వేసిన క్వార్టర్లు, పేషెంట్లు లేని వార్డులు ఎందుకున్నాయంటే కారణం ఇదే. శిలాఫలకం మీద పేరు ఉంటుంది గానీ, గోలీల డబ్బా మీద ఏ నాయకుడి పేరూ ఉండదు. అడిగేవాళ్లు లేకపోతే గోలీలు ఎప్పుడూ వెనకబడే ఉంటాయి.

యువకుల కోరికను నేను తక్కువ చేయడం లేదు. సాగర్ రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే, అర్ధరాత్రి కాన్పు అడ్డం తిరిగితే, మనిషిని బండిలో వేసుకుని హైదరాబాద్‌కు పరుగెత్తిన కుటుంబాలు మీ దగ్గర ఎన్నో ఉంటాయి. వాళ్లు ఆసుపత్రి కావాలనడంలో ప్రతి అక్షరం న్యాయం. కానీ ఆ రాత్రి ప్రాణం కాపాడేది పడకల సంఖ్య కాదు. సిజేరియన్ చేసే గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, రక్తం నిల్వ, పుట్టిన బిడ్డను చూసే పిల్లల డాక్టరు, ఈ నాలుగూ ఒకే చోట ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. మండలానికో వంద పడకలు కట్టి ఈ నాలుగింటినీ అన్ని చోట్లా సమకూర్చడం ఇప్పుడున్న పైసలతో కుదరదు. కాబట్టి యువకులతో ఇలా అనండి: దేవరకొండ ఏరియా ఆసుపత్రిలో ఏ స్పెషలిస్టు పోస్టులు మంజూరయ్యాయి, వాటిలో ఎన్ని భర్తీ అయ్యాయి, రాత్రిపూట సిజేరియన్ అవుతుందా, రక్తం ఉంటుందా, ఈ లెక్క మీరు కనుక్కుని రండి, దాన్ని కాగితంలో పెడదాం. వాళ్ల ఉత్సాహానికి అది మంచి పని. ఉన్న ఆసుపత్రి రాత్రిళ్లు పనిచేయాలని అడగడం కొత్త ఆసుపత్రి అడగడం కంటే బలమైన డిమాండ్, దాన్ని కాదనడం కష్టం.

ఈ పదేళ్లలో మన దక్షిణ తెలంగాణకు పెద్ద చదువుల ఆసుపత్రులు చాలానే వచ్చాయి. మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ 2016లో మొదలైంది. 2019లో నల్గొండ, సూర్యాపేట, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి. బీబీనగర్‌లో ఎయిమ్స్ కూడా ఉంది. ఒకప్పుడు పాలమూరు మనిషికి ఉస్మానియా తప్ప దిక్కు లేదు, ఇప్పుడు పరిస్థితి మారింది. నాకు సంతోషమే. అయితే ఈ కాలేజీలన్నీ ఏటా డబ్బు అడుగుతూనే ఉంటాయి, వాటి తరఫున మాట్లాడేవాళ్లూ ఉంటారు. జాతీయ ఆరోగ్య విధానం ప్రకారం ఆరోగ్యానికి పెట్టే సొమ్ములో మూడింట రెండు వంతులు లేదా అంతకంటే ఎక్కువ ప్రాథమిక వైద్యానికే పోవాలి. ఆ మాట గుర్తు చేసేవాళ్లే తక్కువ. వార్డు సభ్యురాలిగా ఆ పని మీరు చేయగలరు.

ఇక గోలీల దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మీ కాగితానికి ప్రాణం ఇదే.

పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) మందులు ఎలా వస్తాయో చెప్తాను. ఏ మందు ఎంత కావాలో ఫార్మసిస్ట్ ఇండెంట్ (సరుకు కోసం పంపే కోరిక పత్రం) పెడతాడు. సెంట్రల్ మెడిసిన్ స్టోర్ నుంచి సరుకు వస్తుంది. ఆ స్టోర్లకు రాష్ట్రం మొత్తానికి టెండర్లు పిలిచి కొనిపెట్టేది వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థ. ఇండెంట్‌లో అంకె ఎక్కడిదంటే, మామూలుగా పోయిన నెలల్లో ఎంత ఖర్చయిందో దాన్ని చూసి వేస్తారు. చిక్కు ఇక్కడే. గోలీలు తక్కువ వస్తే తక్కువే పంచుతారు. తక్కువ పంచితే రిజిస్టర్‌లో ఖర్చు తక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి వచ్చేసారి కూడా తక్కువే పంపుతారు. పది రోజుల గోలీలు ఇచ్చి పంపేసిన మనిషి మళ్లీ రాడు. పనికి పోవాలి, కూలీ పోగొట్టుకోలేడు. అతను రాకపోతే "పేషెంట్లు తగ్గారు" అని రాస్తారు. ఇలా అవసరం కాగితం మీదే మాయమైపోతుంది. మీ ఊళ్లో బీపీ మాత్రం తగ్గదు.

దీన్ని తెంచాలంటే పాత ఖర్చు మీద కాకుండా మనుషుల లెక్క మీద ఇండెంట్ పెట్టించాలి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేసి పేర్లు నమోదు చేసే కార్యక్రమం ఇప్పటికే ఉంది. మీ ఆశ వర్కర్, ఏఎన్ఎం దగ్గర ఆ పేర్లున్నాయి. ఉదాహరణకు మీ సబ్‌సెంటర్ కింద మూడు వందల మంది రోజూ ఒక బీపీ గోలీ వేసుకోవాల్సినవాళ్లు ఉన్నారనుకోండి. నెలకు తొమ్మిది వేల గోలీలు, ఏడాదికి 1,09,500. వీళ్లలో కొందరికి రెండో మందు కావాలి, షుగర్ ఉన్నవాళ్లకు మెట్‌ఫార్మిన్ కావాలి. ఈ లెక్క వేసి, పోయిన మూడు నెలల్లో నిజంగా వచ్చిన గోలీలు ఎన్నో దాని పక్కన రాయండి. ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉన్న కాగితాన్ని ఏ అధికారీ పక్కన పడేయలేడు. "గోలీలు రావడం లేదు" అని రాస్తే "పంపుతున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

బీపీ గోలీ అమ్లోడిపిన్, షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ లాంటివి చాలా చవకైన మందులు. 2017లో దేశంలో బీపీ నియంత్రణ కోసం ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఊరికి దగ్గర్లోనే, ఒకేసారి ముప్పై రోజుల మందు, అందరికీ ఒకే చికిత్స పద్ధతి, ఎవరు రాలేదో చూసి పిలిపించడం, ఇవే దాని సూత్రాలు. ఇందులో పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, మందు ఆగకుండా రావడమే కావాలి.

మందు ఆగితే ఏమవుతుంది? వెంటనే ఏమీ కాదు. అదే ప్రమాదం. మనిషి బాగానే ఉంటాడు, పొలం పోతాడు, కల్లు తాగుతాడు, బతుకమ్మ పండగకు బిడ్డను తీసుకొస్తాడు. కొన్నేళ్లకు ఒకరోజు పక్షవాతం. లేదా కిడ్నీలు పాడై వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. అప్పుడు ఆరోగ్యశ్రీ ఆదుకుంటుంది. ఆ పథకం 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన పథకం అది, దాన్ని తగ్గించమని నేను అనను. కానీ అది ఆసుపత్రిలో చేరే స్థితి వచ్చాకే పనిచేస్తుంది. ఆ స్థితి రాకుండా చూడాల్సిన గోలీకి పైసలు తక్కువ పెట్టి, వచ్చాక లక్షలు కట్టే పద్ధతిలో రాష్ట్రమూ నష్టపోతుంది, ఇల్లూ నష్టపోతుంది. ఇంటిల్లిపాదికీ సంపాదించే మనిషి మంచాన పడితే ఆ నష్టం ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు.

రెండోది ఏఎన్ఎం. మైదాన ప్రాంతంలో ఐదు వేల మందికి, గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలన్నది నియమం. ఒక్కో సబ్‌సెంటర్‌కు ఒక ఏఎన్ఎం, ఒక మగ ఆరోగ్య కార్యకర్త ఉండాలి. దోమలు, మలేరియా, డెంగీ, టీబీ మందుల పర్యవేక్షణ లాంటి పనుల్లో ఆ మగ కార్యకర్త పాత్ర పెద్దది. మీ సబ్‌సెంటర్‌లో ఆ పోస్టు మంజూరై ఉందా, ఉంటే మనిషి ఉన్నాడా కనుక్కోండి. మీ లేఖలో అతని ఊసే లేదు. చాలా ఊళ్లలో అలాంటి పోస్టు ఒకటి ఉండాలన్న సంగతే జనానికి తెలియదు.

రెండు సబ్‌సెంటర్లు చూసే ఏఎన్ఎం మీద కోపం పెంచుకోకండి. టీకాలు, గర్భిణుల పరీక్షలు, బీపీ షుగర్ పరీక్షలు, ఇవి కాక ఇవన్నీ ఫోన్లో ఎక్కించడం. ఒక్క మనిషి రెండు చోట్ల ఉండలేదు. ఏ ఊరికి ఏ రోజు వస్తుందో పంచాయతీ గోడ మీద రాయించండి, అంతవరకు ఈ నెలలోనే అయిపోయే పని. ఆశ వర్కర్ల సంగతి ఇంకా కష్టం. పనిని బట్టి వచ్చే పారితోషికం మీద బతుకుతూ, నెలకు రూ.18,000 స్థిర వేతనం కోసం వాళ్లు ఎన్నోసార్లు రోడ్డెక్కారు. ప్రజారోగ్యానికి డబ్బు కావాలంటే దానర్థం ముందు ఈ ఆడవాళ్లకు సరైన జీతం కావాలని. ఈ మాట మీ కాగితంలో ఒక వాక్యమైనా ఉండాలి. మీ ఆశ వర్కర్ తన గురించి తాను అడగదు, ఊరి గోలీల గురించే అడిగింది చూశారా.

మీ పక్క తండాల నుంచి, పాలమూరు నుంచి వలస పోయేవాళ్ల విషయం కూడా ఏఎన్ఎం పోస్టుతో ముడిపడి ఉంది. పని కోసం భార్యాభర్తలు పోతే పసిపిల్ల టీకా తప్పిపోతుంది. టీబీ మందులు ఆరు నెలలు ఆపకుండా వాడాలి, మధ్యలో ఊరు మారితే ఆగిపోతాయి. ఎవరు ఎప్పుడు పోతున్నారో, ఎక్కడికి పోతున్నారో తెలిసి, అక్కడి కేంద్రానికి కబురు చేసే మనిషి ఊళ్లో ఉంటేనే ఆ గొలుసు తెగదు. టీబీ రోగికి పోషణ కోసం కేంద్రం ఇచ్చే సొమ్మును 2024 నవంబర్ నుంచి నెలకు రూ.500 నుంచి రూ.1,000 చేశారు. అది ఖాతాలో పడుతోందో లేదో అడగండి. జనాభా లెక్కతో సబ్‌సెంటర్లు ఇవ్వడం నల్లమలలో అస్సలు సరిపోదు. అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటలు (చెంచుల చిన్న గూడేలు) ఒక్కోటి కొన్ని ఇళ్లే, మూడు వేల మంది కావాలంటే ఎన్ని గుట్టలు దాటాలి? అక్కడ దూరాన్ని బట్టి మనుషుల్ని ఇవ్వాలి. మీ మండలంలో దూరంగా విసిరేసినట్టున్న తండాలుంటే అదే వాదన మీరూ పెట్టొచ్చు.

మూడోది నీళ్లు. నల్గొండలో పుట్టినవాళ్లకు ప్రజారోగ్యమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు తరాలకు తరాలు ఫ్లోరైడ్ రోగాన్ని ఒంటి మీద మోశాయి. 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకర పోవడాన్ని ఫ్లోరోసిస్‌తో, అంటే ఆ ఫ్లోరైడ్ రోగంతో, కలిపి లోకానికి చూపించారు. అదే దశాబ్దంలో నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టింది. నల్గొండ టెక్నిక్ అని ప్రపంచమంతా చదువుకుంటారు. కానీ రోజూ కొలిచి కలపాలి, మడ్డి తీసి పారేయాలి, దాన్ని నడిపించే మనుషులు కావాలి. మనుషులకు ఏటా డబ్బు పెట్టకపోతే మంచి పద్ధతి కూడా మూలన పడుతుందని మన జిల్లా చాలా ముందే చూసింది. చివరికి మార్పు తెచ్చింది కృష్ణా నీళ్లే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను వెనక్కి తీసే మందు లేదు, మంచి నీళ్లొక్కటే దారి.

అందుకే మీ టెన్షన్ నాకు పూర్తిగా అర్థమవుతుంది. నల్లా ఆగిన రోజు జనం బోరుకు పోతున్నారంటే, తెచ్చుకున్న మేలు కొంచెం కొంచెంగా చేజారుతున్నట్టే. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఇప్పుడు ఎంతుందో పరీక్ష చేయించి, ఫలితాన్ని బోరు పక్కనే పెద్ద అక్షరాలతో రాయించండి. ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్లతో నీళ్లు పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ (ఇంటింటికీ నల్లా నీళ్ల కేంద్ర పథకం) నియమాల్లో ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరని గ్రామీణ నీటి సరఫరా అసిస్టెంట్ ఇంజినీరును (ఏఈని) అడగండి. ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు ఉంటే, దాని నీళ్లు కూడా పరీక్షకు పంపండి. ఫిల్టరు పొర పాతబడితే అది ఫ్లోరైడ్‌ను ఆపలేదు. ఇంకో మాట, ఇది ఇంటింటికీ చెప్పండి: నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్రిములు చావడానికి కాచడం మంచిదే గానీ దీనికి మాత్రం పనికిరాదు.

ఫ్లోరోసిస్ నివారణకు 2008-09 నుంచి ఒక జాతీయ కార్యక్రమం కూడా నడుస్తోంది. జిల్లాలో ఒక కన్సల్టెంట్, ల్యాబ్ టెక్నీషియన్, ఫ్లోరైడ్ కొలిచే యంత్రం, బడిపిల్లల పళ్ల పరీక్ష, ఇవి దాని కింద ఉండాలి. నల్లా వచ్చింది కదా అని దీన్ని ఎత్తేస్తే, బోరుకు తిరిగిపోయిన ఊళ్లను కనిపెట్టేవాళ్లు ఉండరు. బడిపిల్లల పళ్ల మీద మరకలు పదేళ్ల తర్వాత కనిపిస్తే అప్పటికి ఆలస్యమే. కాబట్టి బడిపిల్లల పరీక్ష ఏటా జరగాలని రాయండి. మీ అత్తమ్మకు వైకల్య సర్టిఫికెట్ లేకపోతే వెంటనే దానికి దరఖాస్తు పెట్టించండి. వైకల్యం 40 శాతం దాటితే నెలకు రూ.4,016 పింఛనుకు అర్హత వస్తుంది. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఉంటే అది కూడా ఇప్పించండి. నడుం నిటారు కాకపోవచ్చు గానీ నొప్పి, కీళ్ల బిగుతు కాస్త తగ్గుతాయి.

ఇక కాగితం ఎవరికివ్వాలన్నది కూడా చూసుకోవాలి. ఆరోగ్య శాఖ అంటే ఒకే ఆఫీసు అనుకుంటాం. సబ్‌సెంటర్లు, పీహెచ్‌సీలు, టీకాలు, టీబీ లాంటి కార్యక్రమాలు ప్రజారోగ్య సంచాలకుల కిందికి వస్తాయి, జిల్లాలో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి). ఏరియా ఆసుపత్రులు చూసేది వేరే విభాగం. నల్గొండ పెద్దాసుపత్రి కాలేజీది కాబట్టి వైద్య విద్య సంచాలకుల కింద. మందులు కొనేది వేరే సంస్థ అని ఇందాకే చెప్పాను. నీళ్లు అసలు ఈ శాఖవే కావు. అన్నీ కలిపి ఒకే కాగితంలో రాస్తే ఎవరికి వాళ్లు "ఇది మాది కాదు" అని పక్కకు తోస్తారు. విడివిడిగా రాయండి. ఎక్కడికక్కడ ఇచ్చి రసీదు తీసుకోండి.

గోలీల కాగితం మొదలు ఇలా ఉంటే బాగుంటుంది: "మా సబ్‌సెంటర్ పరిధిలో బీపీ ఉన్నట్టు నమోదైనవారు ఇంతమంది, షుగర్ ఉన్నవారు ఇంతమంది. వీరికి ఏడాదికి కావాల్సిన గోలీలు ఇన్ని. గత మూడు నెలల్లో అందినవి ఇన్ని. నమోదైన పేషెంట్ల సంఖ్య ఆధారంగా ఇండెంట్ పెట్టి, ప్రతి ఒక్కరికి ఒకేసారి ముప్పై రోజుల మందు ఇవ్వాలని, మూడు నెలల అదనపు నిల్వ పీహెచ్‌సీలో ఉంచాలని గ్రామసభ తీర్మానించింది." గ్రామసభ తీర్మానం ఉండడం ముఖ్యం. అప్పుడది మీ ఒక్కరి మాట కాదు, ఊరి మాట.

ఊరికి గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ అని ఒకటుంటుంది. దానికి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి పది వేల రూపాయలు రావాలి. చిన్న మొత్తమే, కానీ ఆ కమిటీ కూర్చుంటేనే ఊరి అవసరాలు జిల్లా ఆరోగ్య ప్రణాళికలోకి వెళ్తాయి, అక్కడి నుంచి రాష్ట్రం కేంద్రానికి పంపే ప్రణాళికలోకి. ఆ మిషన్ ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. రాష్ట్రం తన వంతు ఆలస్యం చేస్తే కేంద్రం వాటా కూడా కదలక ఇబ్బంది పడేది కింది కేంద్రాలే. రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది, శాఖలు తమ అంచనాలు అంతకు కొన్ని నెలల ముందే పంపుతాయి. కాబట్టి దసరా దీపావళి మధ్యే మీ కాగితాలు పైకి చేరితే మేలు. ఆ సమయం దాటిపోయి ఉంటే ఆగకండి, ఇప్పుడే ఇచ్చి వచ్చే ఏడాది మళ్లీ ఇవ్వండి.

సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఒక కాపీ ఇవ్వండి. మీ నాయకులకు కూడా అదే కాపీ ఇచ్చి, అసెంబ్లీలో ఈ పద్దు చర్చకు వచ్చిన రోజు మీ సబ్‌సెంటర్ అంకెలు చదవమని అడగండి. నెలరోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే పీహెచ్‌సీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకైతే ఐదు రూపాయలు, జిల్లా ఆఫీసుకైతే పది, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. అడగాల్సింది మూడే: గత ఏడాది నెలవారీగా బీపీ, షుగర్ మందులకు పెట్టిన ఇండెంట్, వచ్చిన సరుకు, మంజూరైన పోస్టులూ ఖాళీలూ. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది చేతికి వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఆ అంకెలు పెట్టుకుని రెండో కాగితం ఎలా రాయాలో కలిసి చూద్దాం.